కంప్, వేరియబుల్, ఆకాశం

మా వీధి మొదట్లో ఫోటో స్టూడియో ఎత్తేస్తున్నారు. చీకటి గదిలోని ట్రేలూ సీసాలూ తెచ్చి మెట్ల మీద పెట్టారు. ఏదో సీసా మూత ఊడినట్టుంది, హైపో వాసన, అంటే ఫోటో నిలబడేందుకు వాడే మందు వాసన, వీధిలోకి వచ్చేసింది. పుల్లగా, కాస్త గంధకం తగిలినట్టుండే ఆ వాసన ఒకసారి పీల్చినవాళ్లు మరిచిపోరు. నాకది బేగంపేట వాసన. నిజామియా అబ్జర్వేటరీలో ఆరబెట్టిన గాజు ప్లేట్లు, పక్క విమానాశ్రయంలో లేస్తున్న విమానం మోత, రాత్రంతా మేలుకున్నవాళ్ల ఎర్రటి కళ్లు, అన్నీ ఒకేసారి గుర్తొచ్చాయి.

ఉస్మానియా అంటే లోకానికి ఆర్ట్స్ కాలేజీ. 1939లో తలుపులు తెరిచిన ఆ గ్రానైటు భవనం, మే నెలలో కూడా లోపలికి అడుగు పెడితే తగిలే చల్లదనం, ఆ మెట్ల మీద జరిగిన సభలు. 1938లో హాస్టళ్లలో వందేమాతరం పాడినందుకు బయటికి పంపితే నాగపూర్ వెళ్లి చదువుకున్నవాళ్ల గురించీ, 1969 ఉద్యమంలో క్లాసులు ఆగిపోయిన రోజుల గురించీ చాలామంది రాశారు. ఆస్ట్రానమీ వాళ్ల ఉస్మానియా వేరు. అది మూడు చోట్ల ఉండేది. పాఠాలు క్యాంపస్‌లో, పాత దుర్భిణులు బేగంపేటలో, పెద్ద టెలిస్కోపు రంగాపూర్ గుట్ట మీద. ఆ మూడింటి మధ్య బస్సుల్లో తిరుగుతూ నేర్చుకున్న పని గురించి ఎవరూ పెద్దగా రాయలేదని నా బాధ.

*

విశ్వవిద్యాలయం 1918లో పుట్టింది. దాని అబ్జర్వేటరీ అంతకంటే వయసులో పెద్దది. ఇంగ్లండులో చదువుకుని వచ్చిన నవాబు జఫర్ జంగ్ గ్రబ్ కంపెనీ చేసిన 15 అంగుళాల దుర్భిణి తెప్పించి, 1901లో ఫిసల్‌బండలో తన సొంత ఎస్టేటులో ఈ పని మొదలుపెట్టారు. ఆయన పోయాక 1908లో నిజాం ప్రభుత్వం దాన్ని తీసుకుంది. తర్వాత బేగంపేటకు మార్చారు. 1919లో ఉస్మానియా చేతికొచ్చింది.

అప్పుడు చదువంతా ఉర్దూలో. పుస్తకాలు తర్జుమా చేయడానికి దారుల్ తర్జుమా అని ఒక సంస్థే నడిచేది. ఫిజిక్సు తబీయాత్, లెక్కలు రియాజియాత్, ఖగోళం హయ్యత్. 1948 తర్వాత ఇంగ్లీషు వచ్చింది. మా కాలానికి ఆ ఉర్దూ మాటలు పాత మనుషుల నోట మాత్రమే మిగిలాయి. ఒక దేశభాషలో ఆ స్థాయి సైన్సు చెప్పిన విశ్వవిద్యాలయం మనదేనన్న సంగతి మన పిల్లలకు ఎవరైనా గట్టిగా చెప్పాలి.

1959లో ఆస్ట్రానమీకి విడిగా శాఖ పెట్టారు. 1964లో యూజీసీ దాన్ని అడ్వాన్స్‌డ్ సెంటర్‌గా గుర్తించింది.

*

బేగంపేటలో కొత్తవాళ్లకు ముందు చూపించేది టెలిస్కోపు కాదు, గాజు ప్లేటు.

ఆకాశం మొత్తాన్ని ఫోటో తీసి ప్రతి నక్షత్రం స్థానం కొలవాలని 1887లో పారిస్‌లో ప్రపంచ ఖగోళజ్ఞులు నిర్ణయించారు. ఆకాశాన్ని పట్టీలుగా కోసి ఒక్కో అబ్జర్వేటరీకి ఒక్కో పట్టీ పంచారు. ఖగోళ మధ్యరేఖకు దక్షిణంగా 17 నుంచి 23 డిగ్రీల దాకా ఉన్న పట్టీ చిలీలోని శాంటియాగోది. అక్కడ అది సాగలేదు. ఆక్స్‌ఫర్డ్ నుంచి చూస్తే ఆ పట్టీ నడిమి భాగం దిగంతానికి ఇరవై డిగ్రీల పైకి కూడా రాదు. హైదరాబాద్ నుంచైతే యాభై డిగ్రీల ఎత్తుకు వస్తుంది. అలా అది మనకొచ్చింది. అది ముగిశాక పోట్స్‌డామ్ వాళ్లు వదిలిన ఉత్తరపు పట్టీ కూడా, 36 నుంచి 39 డిగ్రీల దాకా, మనవాళ్లే తీసుకున్నారు. 1914 నుంచి 1946 దాకా కుక్ కంపెనీ ఎనిమిది అంగుళాల ఆస్ట్రోగ్రాఫ్‌తో, అంటే ఆకాశాన్ని ఫోటో తీసే దుర్భిణితో, నడిచిన పని అది. పన్నెండు సంపుటాలు, 7,63,542 నక్షత్రాలు. డైరెక్టర్లు చాట్‌వుడ్, పోకాక్, భాస్కరన్, అక్బర్ అలీ ఒకరి తర్వాత ఒకరు దాన్ని మోశారు.

ప్లేటు 16 సెంటీమీటర్ల చదరం. దాని మీద ఒక మిల్లీమీటరు అంటే ఆకాశంలో ఒక ఆర్క్ నిమిషం, డిగ్రీలో అరవయ్యో వంతు. అంటే నిండు చందమామ దాని మీద మూడు సెంటీమీటర్లు పడుతుంది. నక్షత్రాల వెలుగుతో పాటు 5 మిల్లీమీటర్ల ఎడంతో నిలువు, అడ్డ గీతల గడిని కూడా ఆ ప్లేటు మీదికి ఎక్కించేవారు. రెజో అంటారు దాన్ని. కడిగి ఆరబెట్టేటప్పుడు ఎమల్షన్, అంటే ప్లేటు మీద వెలుగు పట్టే జెలటిన్ పొర, కాస్త సాగుతుంది, కాస్త ముడుచుకుంటుంది. గడి కూడా అదే పొరలో ఉంది కాబట్టి దాంతోపాటే సాగుతుంది. దగ్గరి గీత నుంచి చుక్కను కొలిస్తే ఆ తేడా కొట్టుకుపోతుంది.

ఈ పద్ధతిలో మామూలుగా ఒకే ప్లేటు మీద మూడుసార్లు వెలుగు పడనిచ్చేవారు. ఆరు నిమిషాలు, మూడు నిమిషాలు, ఇరవై సెకన్లు, మధ్యలో దుర్భిణిని రవ్వంత జరిపి. మసక నక్షత్రానికి ఆరు నిమిషాల బొమ్మ కావాలి. ప్రకాశమైనది ఆరు నిమిషాల్లో ఉబ్బిపోతుంది, దానికి ఇరవై సెకన్లదే నయం. ఇంకో లాభమూ ఉంది. ఒకే వరసలో జతగా ఉంటే నక్షత్రం, ఒంటరిగా ఉంటే దుమ్మో ఎమల్షన్ లోపమో అయ్యుండొచ్చు. కొలిచిన ప్లేటును తలకిందులు చేసి మళ్లీ కొలవడం ఇంకో నియమం. ప్రతి మనిషి కన్నూ ఏదో ఒక పక్కకు రవ్వంత మొగ్గుతుంది, ప్లేటు తిప్పితే ఆ మొగ్గు వ్యతిరేక గుర్తుతో వచ్చి రద్దవుతుంది.

చీకటి గది పని నేర్పేటప్పుడు చెప్పే మొదటి మాట పెదవి గురించి. ప్లేటు మూలను తడి పెదవికి ఆనిస్తే అంటుకునే వైపే ఎమల్షన్. వేళ్లతో తడమకూడదు, ముద్ర పడుతుంది. రెండో మాట నీళ్ల గురించి. ఏప్రిల్‌లో కుళాయి నీళ్లు అలాగే వాడితే జెలటిన్ అంచుల్లో ముడతపడి లేచిపోతుంది, కాబట్టి ట్రే చుట్టూ ఐసు ముక్కలు పెట్టి 20 డిగ్రీల దగ్గర నిలపాలి. మూడోది హైపో గురించి. పది నిమిషాలు హైపోలో ఉంచినా, తర్వాత పారే నీళ్లలో అరగంట కడగకపోతే అప్పటికేమీ కనిపించదు. ఏళ్లు గడిచాక పసుపు మచ్చ తేలుతుంది, దాని కింద ఎన్ని నక్షత్రాలుంటే అన్నీ పోతాయి.

నక్షత్రం ఎటు కదులుతోందో తెలియాలంటే దాని పాత స్థానం కావాలి. 2000లో వచ్చిన టైకో-2 కేటలాగులో పాతిక లక్షల నక్షత్రాల కదలికలు లెక్కకట్టినప్పుడు, ఉపగ్రహం కొలిచిన కొత్త స్థానాల పక్కన పెట్టింది ఈ పాత గాజు ప్లేట్ల కొలతలనే. మన బేగంపేటలో ఎవరో గుమాస్తా కళ్లు చిట్లించుకుని రాసుకున్న అంకెలు కూడా అందులో ఉన్నాయి. ఈ మాట తలచుకున్నప్పుడల్లా నాకు గొంతు పట్టేస్తుంది.

*

గ్రబ్ దుర్భిణి దగ్గర నేర్చుకునే పని ఒకల్టేషన్ టైమింగు. చంద్రుడు నడుస్తూ నడుస్తూ ఒక నక్షత్రాన్ని కప్పేస్తాడు. చంద్రుడికి గాలి లేదు, కాబట్టి చుక్క మెల్లగా మసకబారదు, ఉన్నట్టుండి ఆరిపోతుంది. ఆరిన క్షణాన స్టాప్‌వాచీ నొక్కాలి. తర్వాత రేడియోలో ఢిల్లీ నుంచి వచ్చే ఏటీఏ టైం సిగ్నల్ నిమిషం గుర్తు దగ్గర ఆపాలి. ఆ నిమిషంలోంచి వాచీ చూపించింది తీసేస్తే సమయం వస్తుంది. కన్ను చూసి వేలు నొక్కేలోపు పోయే సెకనులో పావు వంతో మూడో వంతో కూడా తీసేయాలి. ఎవరిది ఎంతో వాళ్లే ముందుగా కొలుచుకుని ఉంచుకోవాలి.

*

క్యాంపస్‌లో మా పగళ్లు అందరిలా ఉండేవి కావు. తార్నాక బస్సు దిగి హాస్టల్‌కు చేరేసరికి మిగతావాళ్లు టిఫిన్ తిని క్లాసులకు వెళ్తుండేవారు. కిటికీకి దుప్పటి కట్టి పడుకోవాలి. మెస్‌లో తెలిసినవాళ్లుంటే ప్లేటు మూతపెట్టి ఉంచేవారు, లేకపోతే కాంటీన్‌లో సమోసా, చాయ్. సాయంత్రం లైబ్రరీ. వానాకాలం మాత్రం మేమూ మామూలు విద్యార్థులమే. జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఆకాశం ఉండదు, కాబట్టి లెక్కలూ పరీక్షలూ అద్దాల సంగతీ అప్పుడే చూసుకోవాలి.

క్లాసులో గోళ త్రికోణమితి బోర్డు మీద అర్థం కాదు. ఫుట్‌బాలు మీద సుద్దముక్కతో గీస్తే ఐదు నిమిషాల్లో అర్థమవుతుంది. దాని తర్వాత వచ్చే పాఠం గడియారం. మన వాచీ చూపించేది కాకినాడ పక్కనుంచి పోయే 82½ డిగ్రీల రేఖ సమయం. రంగాపూర్ దానికి పడమరగా, 78 డిగ్రీల 44 నిమిషాల దగ్గర ఉంది. అంటే అక్కడి అసలు సమయం మన వాచీ కంటే పావుగంట వెనక. కొత్తవాళ్లు ఈ పావుగంట మరిచిపోయి టెలిస్కోపు తిప్పేవారు. పావుగంటలో ఆకాశం మూడు ముప్పావు డిగ్రీలు తిరుగుతుంది, కంటి ముందు ఇంకేవో నక్షత్రాలుంటాయి.

"అన్నా, చుక్క ఫీల్డులో లేదే!"

"పావుగంట తీశావా?"

డోములో ఈ రెండు మాటలు ఎన్నిసార్లు విన్నామో లెక్కలేదు.

*

నగరం పెరిగి బేగంపేట ఆకాశం తెల్లబడిపోతుందని తెలిసే, సాగర్ రోడ్డు వైపు యాభై కిలోమీటర్లు దాటాక రంగాపూర్ గుట్ట మీద 48 అంగుళాల టెలిస్కోపు పెట్టారు. పిట్స్‌బర్గ్‌లో ఫెకర్ కంపెనీ చేసింది. 1968లో పనిలోకి వచ్చింది. ఆనాటికి దేశంలో అంతకంటే పెద్ద ఆప్టికల్ టెలిస్కోపు లేదు. మా శాఖ ఆచార్యులు అభ్యంకర్ గారి పేరు చెప్పకుండా ఆ రోజుల గురించి ఎవరూ మాట్లాడరు. అక్కడ జరిగిన పనిలో పెద్ద భాగం జంట నక్షత్రాలది. ఒకదాన్నొకటి కప్పుకుంటూ తిరిగే జంటలు. వెలుగు ఎప్పుడు ఎంత తగ్గిందో గీస్తే ఆ రెండింటి సైజులూ, కక్ష్య వంపూ బయటపడతాయి. డబ్ల్యూ అర్సా మేజోరిస్ లాంటి జంట ఎనిమిది గంటల్లో ఒక చుట్టు పూర్తిచేస్తుంది, చలికాలంలో ఒక్క రాత్రి చాలు. ఆల్గాల్ అయితే రెండు రోజుల ఇరవై గంటల నలభై తొమ్మిది నిమిషాలు. దాని గ్రహణం ఏ రాత్రి పడుతుందో ముందే లెక్కగట్టుకోవాలి.

గుట్ట ఎక్కుతుంటే కింద పొలంలోంచి ఎవరో ఒకరు పలకరించేవారు. "ఇయ్యాల మొగులున్నది గద సారూ, పండుకుంటరా?" వాళ్లు మొగులంటే మొగులే. పడమటి పొలాల మీద ఏ మబ్బు ఎంతసేపుంటుందో వాళ్లకు బాగా తెలుసు.

ఎండ వాలగానే డోము చీలిక తెరవాలి. అద్దం పగటి వేడిని పట్టుకుని ఉంటుంది. అద్దం వేడిగా, గాలి చల్లగా ఉంటే నక్షత్రం నీళ్లలో ముంచినట్టు ఊగుతుంది. చీలిక కదిలినప్పుడు పైనుంచి దుమ్ము రాలుతుంది కాబట్టి అద్దం మూత వెంటనే తీయకూడదు. డోమును ఓసారి తిప్పి, దుమ్ము సద్దుమణిగాక తీయాలి. వెలుగును కరెంటుగా మార్చి కొలిచే ఫోటోమీటర్‌కు దాదాపు తొమ్మిది వందల వోల్టులిచ్చి గంట ఆగాలి, లేకపోతే మొదటి రీడింగులన్నీ జారుతూ వస్తాయి. హై వోల్టేజి ఉన్నప్పుడు దాని లోపలి గొట్టం మీద టార్చి వెలుగు పడిందా, ఆ రాత్రికి అది నమ్మదగింది కాదు. అందుకే టార్చీలకు ఎర్ర కాగితం చుట్టేవాళ్లం. కళ్లు చీకటికి అలవాటు పడటానికి ఇరవై నిమిషాలు పడుతుంది, తెల్ల వెలుగు ఒక్కసారి తగిలితే మళ్లీ ఇరవై నిమిషాలు. మెట్ల కింద తేళ్లుండేవి, అవి కూడా ఆ ఎర్ర వెలుగులోనే కనబడాలి.

ఇద్దరు మనుషుల పని. ఒకరు ఐపీస్ దగ్గర చుక్కను చిన్న రంధ్రం మధ్యకు తెస్తారు. రెండోవారు రికార్డర్ దగ్గర కూర్చుంటారు. చార్టు కాగితం మెల్లగా కదులుతూ ఉంటుంది, పెన్ను దాని మీద గీత గీస్తుంది. ఐపీస్ దగ్గరి మనిషి చీకట్లోంచి పిలుస్తాడు. కంప్. అంటే వెలుగు మారని తోటి నక్షత్రం. వేరియబుల్. అంటే మన చుక్క. ఆకాశం. అంటే చుక్క లేని పక్క చోటు. ఒక్కో ఫిల్టరులో పదిహేను ఇరవై సెకన్లు. పసుపు, నీలం, అతినీలలోహితం. మళ్లీ కంప్, వేరియబుల్, ఆకాశం. తెల్లారేదాకా ఈ మూడు మాటలే.

ఆకాశం ఎందుకు తీయాలని కొత్తవాళ్లు అడుగుతారు. రంధ్రంలోంచి చుక్కతోపాటు దాని వెనకున్న ఆకాశపు వెలుగూ వస్తుంది, చంద్రుడు లేస్తే అది గంట గంటకూ పెరుగుతుంది. కంప్ ఎందుకంటే చీకట్లో పలచటి మబ్బు కంటికి కనబడదు కాబట్టి. కంప్ గీత నూటికి అయిదు పాళ్లు కిందికి దిగితేనే మబ్బొచ్చిందని తెలుస్తుంది. కంప్ మన చుక్కకు డిగ్రీ దూరంలోపు ఉంటే మబ్బు రెండింటినీ ఒకేలా తగ్గిస్తుంది, నిష్పత్తి బతుకుతుంది. మబ్బు తునకలు తునకలుగా పోతుంటే మాత్రం ఆపేయడమే మేలు.

అసలు శత్రువు మబ్బు కాదు, వోల్టేజి. రాత్రి ఏదో ఒక వేళకు కింద పొలాల్లో మోటార్లకు కరెంటు వదిలేవారు. ఒక్కొక్క మోటారు అందుకుంటుంటే స్టెబిలైజర్ టక్కు టక్కుమనేది. ఫోటోమీటర్ లోపల ఉండేది ఫోటోమల్టిప్లయర్ అనే తొమ్మిది మెట్ల గొట్టం. ఒక్కో మెట్టు దగ్గరా ఎలక్ట్రాన్లు పెరుగుతాయి కాబట్టి వోల్టేజి నూటికి ఒక పాలు తగ్గితే వెలుగు ఏడు పాళ్ల దాకా తగ్గినట్టు చూపిస్తుంది. మనం వెతికేది ఒక్క పాలు తేడా. అందుకని మోటార్లు మొదలైన నిమిషం చార్టు పక్కన పెన్సిలుతో రాయాల్సిందే. ఫిల్టరు, గీత ఎత్తు పెంచి తగ్గించే గెయిన్ స్విచ్చి మెట్టు, సమయం, మబ్బు, మోటారు, డోము అంచు అడ్డు రావడం, ఏం జరిగినా గీత పక్కనే, అప్పుడే. పొద్దున గుర్తు చేసుకుని రాస్తే ఆ మార్జిన్ మీద సీనియర్లు అడ్డంగా గీత కొట్టేవారు. ఈ ఒక్క విషయంలో వాళ్లు ఎవరినీ క్షమించేవారు కాదు. ఉస్మానియా నాకేం నేర్పిందని అడిగితే నేను చెప్పేది ఇదే.

డ్రై ఐస్‌తో గొట్టాన్ని చల్లబరిస్తే చీకట్లో దానంతటది పారే కరెంటు తగ్గుతుంది. కానీ నగరంలో కొన్న దిమ్మ గుట్ట చేరేసరికి సగమయ్యేది. గోనెలో చుట్టి సుత్తితో కొట్టి, చేతికి గుడ్డ చుట్టుకుని నింపాలి. గాలిలో తేమ ఉంటే ముందరి గాజు మీద మంచు పట్టి, ఏమీ మారకుండానే వెలుగు తగ్గుతూ వస్తుంది. మొదటి వానలకు ఉసిళ్లు రికార్డర్ దీపం మీద పడేవి. తెల్లవారుజామున మూడింటికి పెన్నులో ఇంకు ఆరిపోతే, చూడనివాడికి గీత లేదు. ఆ ఇరవై నిమిషాలు ఇక తిరిగి రావు.

*

రాత్రి పని ఒక వంతైతే, క్యాంపస్‌లో దాని లెక్క అయిదు వంతులు. చార్టు పరిచి, వణికే గీత మధ్యగా పారదర్శకపు స్కేలు పెట్టి ఎత్తు చదవాలి. ఆకాశం తీసేయాలి. వేరియబుల్‌ను కంప్‌తో భాగించి, లాగరిథం తీసి, రెండున్నరతో గుణించాలి. లాగ్ పట్టికలు, చేత్తో తిప్పే ఫేసిట్ లెక్కల మెషిన్. మధ్యాహ్నం హాలు నిండా ఆ పళ్ల చక్రాల చప్పుడు. చుక్క నడినెత్తి నుంచి 60 డిగ్రీలు వాలితే దాని వెలుగు రెట్టింపు గాలిలోంచి వస్తుంది, దానికో సవరణ. భూమి సూర్యుడికి ఈ పక్కనుందా ఆ పక్కనుందా అన్నదాన్ని బట్టి వెలుగు ఎనిమిది నిమిషాల దాకా ముందో వెనకో అందుతుంది, దానికింకోటి. తేదీ బదులు జూలియన్ రోజు రాయాలి. గ్రీనిచ్ మధ్యాహ్నానికి మారుతుంది అది, మనకు సాయంత్రం అయిదున్నర. అంటే మన రాత్రంతా ఒకే అంకె కింద పడుతుంది. నడిరేయి తేదీ మార్చి రాయాల్సిన బాధ లేదు.

*

1980 ఫిబ్రవరి 16, శనివారం. సంపూర్ణ సూర్యగ్రహణపు నీడ కార్వార్ తీరం నుంచి వచ్చి రంగాపూర్ మీదుగా ఒడిశా వైపు పోయిన రోజు. అమెరికా బృందాలు కూడా గుట్ట మీద గుడారాలు వేశాయి. మన ఇళ్లలో ఆవకాయ జాడీల మీద దర్భలు, తాంబాళంలో నిలబెట్టిన రోకళ్లు. ఊళ్లలో వీధులు ఖాళీ. గుట్ట మీద పది అడుగుల రేడియో డిష్ సూర్యుడి వైపు, 10 గిగాహెర్ట్జ్ దగ్గర. కంటికి సూర్యుడు పూర్తిగా మాయమైనా రేడియోలో మాయం కాడు. చుట్టూ ఉన్న కరోనా, పై పొరలు రేడియో తరంగాలు పంపుతూనే ఉంటాయి. గీత దిగుతుంది కానీ సున్నాకు చేరదు. ఎంత దగ్గర ఆగుతుందో అదే కొలత.

మూడున్నర దాటాక వెలుతురు పలచబడింది. నీడల అంచులు కత్తిరించినట్టు పదునెక్కాయి. పక్షులు చెట్లకు చేరాయి. చీకటి ఉన్నది రెండు నిమిషాల పైచిలుకు. రికార్డర్ల దగ్గర కూర్చున్నవాళ్ల పని తల వంచుకుని సమయాలు రాయడం. పైకి చూసినవాళ్లు ముత్యాల తెలుపులో కరోనా చూశారు. రికార్డర్ దగ్గరివాళ్లు చూసింది గీత. అది దిగింది, ఒకచోట నిలిచింది, మళ్లీ ఎక్కడం మొదలైంది. ఎక్కడం మొదలైన సెకను మార్జిన్‌లో రాసి ఉంది.

*

తెల్లవారుజామున మూసే వరస కూడా ఖాయమే. చివరిసారి కంప్ తీయాలి, చివరి సిగ్నల్‌తో గడియారం సరిచూడాలి. హై వోల్టేజి తగ్గించి ఆపాలి. టెలిస్కోపును నిటారుగా నిలిపి, ముందు అద్దం మూత, తర్వాతే డోము చీలిక. వరస తప్పితే దుమ్మంతా అద్దం మీదే. రికార్డర్ ఆపి, పెన్ను కడిగి, కాగితం చింపి, రోలు మీద రాత్రి, చుక్క పేరు, ఇద్దరి పొట్టి సంతకాలు. ఫ్లాస్కులో అడుగున మిగిలిన చాయ్ చల్లగా ఉండేది, అయినా పంచుకుని తాగేవాళ్లం. కింద పొలాల్లో మోటార్లు ఒక్కొక్కటే ఆగేవి. రోలు చంకలో పెట్టుకుని ఇబ్రహీంపట్నం బస్సు కోసం దిగేవాళ్లం.